గృహహింస: చట్టం ఏమంటోంది, మనం ఏమంటున్నాం



2009లో వానాకాలం ముందు జరిగిన సంగతి ఇది. రహమత్ నగర్ కొండవాలులో ఒకే గది అద్దెకు తీసుకొని ఉంటున్న ఒక అమ్మ, సాయంకాలం జపమాల ముగిసి అందరూ వెళ్ళిపోయేదాకా ఆగి, నా దగ్గరకు వచ్చింది. గుంటూరు జిల్లా నుండి బ్రతుకుతెరువు కోసం పట్నం చేరిన కుటుంబం. ఆమె జూబ్లీహిల్స్‌లో మూడు ఇళ్ళలో పని చేస్తుంది. భర్త సినిమా షూటింగులకు లైట్ల పనికి పోతాడు. పని ఉన్ననాడు ఉంటుంది, లేనినాడు లేదు. ఆమె మాటలు నాకింకా జ్ఞాపకం.

"మూడిళ్ళ వాళ్ళ దగ్గరా నా జీతం ఆయనే వెళ్ళి తీసుకుంటాడండి. అద్దె కట్టడు. పిల్లదాని ఫీజు అడిగితే మీ అమ్మ దగ్గర తెచ్చుకోమంటాడు. ఇద్దరూ ఆడపిల్లలేనని నలుగురిలో ఎగతాళి చేస్తాడు. బయటికి పొమ్మంటాడు."

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. "కొడతాడా అమ్మా?"

"లేదు ఫాదర్‌గారూ. అబద్ధం ఎందుకు చెప్పాలి, చెయ్యి చేసుకోడు."

ఆ జవాబుతో నా మనసు తేలికపడింది. కొట్టడు కదా, సంసారమన్నాక ఇవన్నీ మామూలే అనుకున్నాను. ఓర్చుకోమన్నాను, భర్తను ఆదివారం పూజకు తీసుకురమ్మన్నాను, తలమీద చెయ్యి ఉంచి దీవించి పంపాను. రెండు నెలలు తిరగకముందే అతడు గదికి తాళం వేసి ఎటో వెళ్ళాడు. అద్దె బకాయి పడినందుకు ఇంటివాళ్ళు తాళం పగలగొట్టి సామాను వీధిలో పెట్టారు. వానలో ఆ తల్లి, ఇద్దరు పిల్లలు, ఒక గ్యాస్ పొయ్యి. మరియదళం వారు కబురు చేస్తే వెళ్ళి చూశాను.

అప్పటికి గృహహింస చట్టం అమలులోకి వచ్చి మూడు సంవత్సరాలు కావస్తున్నది. ఆమె నాతో చెప్పిన ప్రతి మాటకూ ఆ చట్టంలో ఒక పేరున్నది. నేను చదవలేదు. ఇప్పుడు ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. విచారణ గురువులు, ఉపదేశులు, సంఘపెద్దలు, మహిళా సంఘాల తల్లులు దీన్ని ఓపికగా చదవాలని నా మనవి. ఆడవాళ్ళు కష్టం చెప్పుకోవడానికి పోలీసు స్టేషనుకన్నా ముందు వచ్చేది మన దగ్గరికే కదా.

సెమినరీలో తత్వశాస్త్రం చదివే రోజుల్లో మా అధ్యాపకులు నిర్వచనం గురించి పదే పదే చెప్పేవారు. మన దేశపు తర్కశాస్త్రంలో నిర్వచనానికి దోషాలు చెబుతారు. లోపల ఉండవలసినవి బయట పడిపోతే అది అవ్యాప్తి. బయట ఉండవలసినవి లోపలికి వచ్చేస్తే అతివ్యాప్తి. పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ మాటలు నాకు అర్థమయింది ఆ వానరోజున. హింస అంటే కొట్టడమేనన్న నా నిర్వచనం అవ్యాప్తి దోషంతో ఉన్నది. ఆ దోషానికి మూల్యం చెల్లించింది మాత్రం ఆ తల్లి.

మరి చట్టం ఇచ్చే నిర్వచనం ఏమిటి? గృహహింస నుండి మహిళల రక్షణ చట్టాన్ని పార్లమెంటు 2005లో చేసింది. అది 2006 అక్టోబరు 26 నుండి అమలులో ఉన్నది. అందులో మూడవ సెక్షను ఈ చట్టానికి గుండెకాయ. స్త్రీ ఆరోగ్యానికి, భద్రతకు, ప్రాణానికి, దేహానికి, క్షేమానికి, అది శారీరకమైనా మానసికమైనా సరే, హాని చేసేది లేదా హాని కలిగే ప్రమాదం తెచ్చేది ఏదైనా గృహహింసే అంటుంది. చేసిన పని మాత్రమే కాదు, చేయవలసింది చేయకపోవడం కూడా. దానిలో నాలుగు రకాలు చెప్పింది: శారీరక హింస, లైంగిక హింస, మాటలతోనూ మనసుకూ చేసే హింస, ఆర్థిక హింస. కట్నం కోసమో ఆస్తి కోసమో ఆమెను గానీ ఆమె వారిని గానీ వేధించడాన్ని విడిగా చెప్పింది.

శారీరక హింస గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. ఒక్క చెంపదెబ్బ, ఒక్క తోపు, జుట్టు పట్టి ఈడ్వడం, అన్నీ అందులోనివే. ఎముక విరగనక్కర లేదు. లైంగిక హింస గురించి మన పత్రికల్లో రాయడానికి సంకోచిస్తాం, వినడానికి ఇంకా సంకోచిస్తాం. స్త్రీ గౌరవాన్ని భంగపరిచే, అవమానించే లైంగిక ప్రవర్తన ఏదైనా ఈ చట్టం ప్రకారం హింసే, అది భర్త చేసినా సరే. పెళ్ళి దానికి మినహాయింపు కాదు.

మాటల హింస దగ్గర చట్టం చాలా వివరంగా మాట్లాడింది. అవమానించడం, ఎగతాళి చేయడం, పేర్లు పెట్టి తిట్టడం. ముఖ్యంగా పిల్లలు కలగలేదని, మగపిల్లవాడు కలగలేదని అనడం. ఈ మాట చట్టం పాఠంలోనే ఉన్నది, నేను కలిపింది కాదు. ఢిల్లీలో కూర్చుని రాసినవారికి మన వీధి పంపు దగ్గర మాటలు ఎలా వినిపించాయో అని ఆశ్చర్యపోయాను. ఆమెకు కావలసినవారిని కొడతానని మాటిమాటికీ బెదిరించడం కూడా ఇందులోనిదే. "మీ తమ్ముడి కాళ్ళు విరగ్గొడతా" అన్న మాట ఎన్ని ఇళ్ళలో వినలేదు మనం!

ఇక ఆర్థిక హింస. నన్నడిగితే రహమత్ నగర్, కార్మికనగర్, కృష్ణానగర్, బోరబండ వంటి చోట్ల ఎక్కువగా కనబడేది, తక్కువగా పేరు పెట్టబడేది ఇదే. ఇక్కడ ఆడవాళ్ళు చాలామంది సంపాదిస్తారు. కొండమీది పెద్ద ఇళ్ళలో పాచిపనికి, వంటపనికి పోతారు, మిషను కుడతారు. కృష్ణానగర్ కూడలిలో తెల్లవారకముందే జూనియర్ ఆర్టిస్టుల వ్యాను కోసం నిలబడతారు. ఆ కూలి ఏజెంటు చేతి నుండి ఎవరి చేతికి పోతుంది? ఇంటి ఖర్చులకు, పిల్లల పోషణకు ఇవ్వవలసింది ఇవ్వకపోవడం, ఆమె నగలూ సామానూ అమ్మేయడం, ఆమె వాడుకొనే హక్కున్న వాటిని వాడుకోనివ్వకపోవడం, ఇవన్నీ ఆర్థిక హింస అంటుంది చట్టం. ఉంటున్న ఇంటి అద్దె కట్టకపోవడాన్ని కూడా పేరు పెట్టి చెప్పింది. 2006 నిబంధనలతోపాటు ఇచ్చిన పత్రంలో మరికొన్ని ఉదాహరణలున్నాయి: ఉద్యోగానికి పోనివ్వకపోవడం, పనిచోటికి వచ్చి అల్లరి చేయడం, ఆమె జీతం లాక్కోవడం, ఇంటి నుండి వెళ్ళగొట్టడం.

ఆ అమ్మ నాతో చెప్పినవి ఇప్పుడు మళ్ళీ చదవండి. జీతం తీసుకోవడం, అద్దె కట్టకపోవడం, ఆడపిల్లలని ఎగతాళి, బయటికి పొమ్మనడం. ఒక్క దెబ్బ కూడా లేదు.

అయితే ఈ లోపం నా ఒక్కడిదే కాదని తరువాత తెలిసింది. 2019 నుండి 2021 వరకు జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 18 నుండి 49 ఏళ్ళ మధ్య వయసున్న పెళ్ళయిన స్త్రీలలో భర్త చేతిలో హింసకు గురైనవారు తెలంగాణలో నూటికి 36.9 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 30 మంది. ఈ అంకె బాధ కలిగించేదే. కానీ అదే సర్వేలోని మరో అంకె దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. అత్తమామలను గౌరవించకపోవడం, ఇల్లూ పిల్లలనూ పట్టించుకోకపోవడం వంటి ఏదో ఒక కారణానికి భర్త భార్యను కొట్టడం సబబే అన్న స్త్రీలు తెలంగాణలో నూటికి 83.8 మంది, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 మంది! దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అంటున్నవి మన రెండు తెలుగు రాష్ట్రాలే. పురుషులు కాదు, స్త్రీలే అన్నారు. అంటే నూటికి ఎనభై ముగ్గురికి పైగా తల్లులు తమకు తగిలేది దెబ్బ అని ఎరుగుదురు గాని, అది అన్యాయమని అనుకోవడం లేదు.

ఈ భావన గాలిలో నుండి రాలేదు. పాతకాలపు మన సినిమాల్లో పొగరుబోతు భార్యను భర్త చెంపమీద ఒక్కటి కొట్టగానే హాలంతా చప్పట్లు. ఆ దెబ్బతో ఆమెకు బుద్ధి వచ్చి కాళ్ళమీద పడేది. ఆ సినిమాలు తీసిన స్టూడియోలకు కూతవేటు దూరంలోనే మనవారు కాపురముంటున్నారు. గుడిలో మేము చెప్పే ప్రసంగాల్లో కూడా, పునీత పౌలుగారి లేఖ నుండి భార్యలకు చెప్పినదాన్ని గట్టిగా చదివి, ఆ వెంటనే భర్తలకు చెప్పినదాన్ని మెల్లగా చదివే అలవాటు ఉండేది. ఆ అలవాటు నాకూ ఉండేది.

తాగుడు సంగతి. "ఏంజేస్తడు ఫాదర్, తాగొచ్చినప్పుడే కొడ్తడు, పొద్దుగాల మళ్ల మంచిగనే ఉంటడు" అని ఒక తల్లి నవ్వుతూనే చెప్పింది. తాగుడికీ ఇంట్లో దెబ్బలకూ ఉన్న సంబంధం మన ఆడవాళ్ళకు ఎవరూ నేర్పనక్కర లేదు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం 1992లో రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుండి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం సడలిపోయింది. అది వేరే చరిత్ర. ఇక్కడ చెప్పవలసింది ఒక్కటే: గృహహింస చట్టంలో తాగి ఉన్నాడన్నది సాకుగా ఎక్కడా లేదు.

ఇక నేను అతిముఖ్యమని తలచే విషయానికి వస్తాను. మనం ఇంతకాలం బాధపడే స్త్రీ ముందు రెండే దారులు పెట్టాం. ఒకటి, వెనక్కి వెళ్ళి ఓర్చుకోవడం. రెండు, ఇల్లు విడిచి పుట్టింటికో హాస్టలుకో పోవడం. కాపురం నిలవాలని కోరే గురువు మొదటిది చెబుతాడు, జాలిపడే అక్కచెల్లెళ్ళు రెండవది చెబుతారు. ఈ చట్టం మూడవ దారి చూపింది. ఆమె ఆ ఇంట్లోనే ఉంటుంది, హింస మాత్రం ఆగాలి.

పదిహేడవ సెక్షను ప్రకారం, కుటుంబ సంబంధంలో ఉన్న ప్రతి స్త్రీకీ ఆ కుటుంబం కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కున్నది. ఆ ఇల్లు ఆమె పేర ఉండనక్కర లేదు. అద్దె ఇల్లయినా సరే, అద్దె కాగితం భర్త పేర ఉన్నా సరే. చట్టప్రకారం తప్ప ఆమెను వెళ్ళగొట్టడానికి వీల్లేదు. పంతొమ్మిదవ సెక్షను కింద మేజిస్ట్రేటు ఆమెను వెళ్ళగొట్టకూడదని ఆదేశించవచ్చు. అవసరమైతే హింస చేసేవాడినే ఇంటి నుండి బయటికి వెళ్ళమనవచ్చు, ఆ ఇంటిని అమ్మకుండా తాకట్టు పెట్టకుండా ఆపవచ్చు, లేదంటే అదే స్థాయిలో వేరే ఇల్లు చూపించమని, దాని అద్దె కట్టమని ఆజ్ఞాపించవచ్చు. అయితే ఇంటి నుండి వెళ్ళమనే ఆదేశం మరో స్త్రీ మీద ఇవ్వరాదు. అంటే ముసలి అత్తగారిని వీధిలో పెట్టడానికి ఈ చట్టం పనికిరాదు. ఈ జాగ్రత్త నాకు నచ్చింది.

"ఇల్లు మా అమ్మ పేర ఉంది, నీకేం హక్కు?" అనే మాట మన బస్తీల్లో తరచు వింటాం. గజాల లెక్కన కొనుక్కున్న జాగాలు, పెద్దల పేర ఉన్న పట్టాలు, పైన రేకులేసి కొడుకూ కోడలూ ఉండే గది. 2006 డిసెంబరులో సుప్రీంకోర్టు ఒక తీర్పులో అత్తగారి పేర ఉన్న ఇంట్లో కోడలికి ఈ హక్కు లేదన్నది. పద్నాలుగేళ్ళపాటు ఎందరో కోడళ్ళను ఆ తీర్పు చూపించే బయటికి పంపారు. 2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ అభిప్రాయం సరికాదని కొట్టివేసింది. భర్తకు వాటా ఉన్నా లేకున్నా, అతని బంధువుల ఇల్లయినా, ఆ కుటుంబంలో నిలకడగా కాపురమున్నదైతే అది ఆమె నివాసమే. 2022 మే నెలలో ఇంకో అడుగు ముందుకు వేసి, ఆమె ఇంతవరకు అక్కడ ఉండి ఉండకపోయినా, ఉండే హక్కు కలిగి ఉంటే చాలునన్నది. పాత తీర్పే తెలిసిన పెద్దమనుషులు ఇంకా ఉన్నారు, వారికి ఈ తేదీలు చెప్పండి.

ఇల్లు అన్న మాట వచ్చింది గనుక ఫిల్మ్‌నగర్ వారికి ఆసక్తి కలిగించే ఒక పాత కేసు చెబుతాను. సినీనటి సరితకు 1975లో, బడికి పోయే పదహారేళ్ళ ప్రాయంలో, తిరుపతిలో వివాహమయిందని భర్తగా చెప్పుకొన్న వ్యక్తి వాదన. వెంటనే వేరుపడ్డారు. కొన్నేళ్ళ తరువాత ఆయన, ఆమెను తనతో కాపురానికి పంపాలని కడప కోర్టుకు వెళ్ళారు. ఆ వ్యవహారం ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వచ్చినప్పుడు, 1983 జూలై 1న జస్టిస్ పి.ఎ. చౌదరి, ఇష్టంలేని స్త్రీని కాపురానికి రమ్మని కోర్టు నిర్బంధించడం ఆమె గౌరవానికీ జీవించే హక్కుకూ విరుద్ధమని చెప్పి హిందూ వివాహ చట్టంలోని తొమ్మిదవ సెక్షనునే కొట్టివేశారు. మరుసటి సంవత్సరమే సుప్రీంకోర్టు వేరొక కేసులో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. ఆ సెక్షను నేటికీ ఉన్నది. క్రైస్తవుల విడాకుల చట్టంలోనూ అటువంటిదే ఉన్నది. "ఆమె తిరిగి వస్తుందా రాదా" అని అడగడం చట్టానికి చాలాకాలంగా తెలుసు. "వస్తే ఆ ఇంట్లో క్షేమంగా ఉంటుందా" అని అడగడం 2005 దాకా సరిగా రాలేదు.

అంతకు ముందు చట్టమే లేదా అంటే, ఉన్నది. 1983లో శిక్షాస్మృతిలో 498ఎ సెక్షను చేర్చారు. 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయసంహితలో అది 85, 86 సెక్షన్లయింది. భర్త గానీ అతని బంధువులు గానీ క్రూరంగా చూస్తే మూడేళ్ళ వరకు జైలు. కానీ అది శిక్షించే చట్టం. "ఆయన్ను జైల్లో పెట్టించి నేనేం తినను ఫాదర్" అని స్త్రీలు అడిగేది న్యాయమైన ప్రశ్న. పైగా అది భార్యకు మాత్రమే. గృహహింస చట్టం ముందుగా శిక్షించదు, రక్షించడానికి చూస్తుంది. అది భార్యతోబాటు తల్లికి, అక్కచెల్లెళ్ళకు, విధవరాలైన కోడలికి, పెళ్ళికాని కూతురికి, పెళ్ళివంటి సంబంధంలో ఉన్న స్త్రీకి కూడా వర్తిస్తుంది. కొడుకు చేతిలో దెబ్బలు తినే ముసలి తల్లులు దీన్ని గమనించాలి. హింస చేసినవారు వయోజనుడైన పురుషుడే అయి ఉండాలన్న మాటను 2016 అక్టోబరులో సుప్రీంకోర్టు తీసివేసింది. హిందువులు, ముస్లిములు, క్రైస్తవులు అన్న భేదం ఈ చట్టానికి లేదు. రహమత్ అన్న ఉర్దూ మాటకు కరుణ అని అర్థం. ఆ పేరు పెట్టుకున్న పేటలో ఒకే గోడకు అటూ ఇటూ అన్ని మతాలవారూ ఉన్నారు. గోడలు పలచన గనుక అందరి కేకలూ అందరికీ వినబడతాయి.

ఎక్కడికి పోవాలి, ఏం చేయాలి? ప్రమాదం ఆ నిమిషంలోనే ఉంటే 112కు ఫోను చేయాలి. సలహాకు, సహాయానికి మహిళా హెల్ప్‌లైను 181. మహిళా శిశు సంక్షేమ శాఖలో రక్షణాధికారులు ఉంటారు. జరిగినదాన్ని నిర్ణీత పత్రంలో నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపడం, ఆమెకు వైద్యం, ఆశ్రయం, న్యాయసహాయం అందేలా చూడడం వారి పని. ఈ నియామకాలు సరిగా జరగడం లేదని గ్రహించి, 2025 మే నెలలో సుప్రీంకోర్టు అన్ని రాష్ట్రాలనూ జిల్లా, తాలూకా స్థాయి వరకు రక్షణాధికారులను గుర్తించమని ఆదేశించవలసి వచ్చింది. సఖి కేంద్రాలలో వైద్యం, పోలీసు, న్యాయ సలహా, తాత్కాలిక వసతి ఒకేచోట దొరికే ఏర్పాటున్నది. హైదరాబాదులో పోలీసువారు 2016లో భరోసా కేంద్రాన్ని ప్రారంభించారు. లాయరు ఫీజుకు భయపడవద్దు. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం స్త్రీకి, ఆమె ఆదాయం ఎంతైనా సరే, ఉచిత న్యాయసహాయం పొందే హక్కున్నది. దాని ఫోను నెంబరు 15100.

ఆమె తానుగా నేరుగా మేజిస్ట్రేటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు, ఆమె తరఫున మరొకరు పెట్టవచ్చు. ఇల్లు విడిచి చెల్లెలి ఇంట్లో తలదాచుకుంటున్నా, ఆ చోటి కోర్టులోనే పెట్టవచ్చు, కాపురమున్న ఊరికే పోనక్కర లేదు. మామూలుగా మూడు రోజులలోపు మొదటి వాయిదా వేయాలని, అరవై రోజుల్లో ముగించడానికి ప్రయత్నించాలని చట్టం అంటుంది. నిజం చెప్పాలి: నాకు తెలిసిన కేసుల్లో అరవై రోజుల్లో ముగిసింది ఒక్కటీ లేదు. అందుకే మొదటనే తాత్కాలిక ఆదేశం అడగమని లాయరుకు గుర్తుచేయండి. పరిస్థితి తీవ్రమైతే అవతలివారు రాకముందే మేజిస్ట్రేటు ఆ ఆదేశం ఇవ్వవచ్చు. రక్షణ, నివాసం, ఖర్చులకు డబ్బు, పిల్లల సంరక్షణ, నష్టపరిహారం, అన్నీ ఒకే దరఖాస్తులో అడగవచ్చు. రక్షణ ఆదేశాన్ని మీరితే అప్పుడది నేరమవుతుంది: ఏడాది వరకు జైలు, లేదా ఇరవై వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు.

ఇక్కడ పురుషులు అడిగే ప్రశ్న ఒకటున్నది: అబద్ధపు కేసులు పెట్టరా? పెట్టేవారూ ఉంటారు. మన తెలంగాణ నుండి వెళ్ళిన ఒక కేసులో 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు, నిర్దిష్టంగా ఏం చేశారో చెప్పకుండా దూరపు బంధువులందరినీ ముద్దాయిలుగా ఇరికించడం తగదని చెప్పి, అటువంటి ఇద్దరి మీద నడుస్తున్న కేసులను కొట్టివేసింది. నేను చెప్పిన అతివ్యాప్తి దోషం అదే. కోపంలో అత్తవారి ఇంటిపేరున్న ప్రతివారినీ దరఖాస్తులో రాయించే పెద్దలు, ఆ కేసునే బలహీనపరుస్తున్నారు. ఎవరు, ఏ రోజు, ఏం చేశారో అంతే రాయించండి. ఆసుపత్రి చీటీ, అద్దె రసీదు, ఫోనులో వచ్చిన బెదిరింపు, పక్కింటివారి సాక్ష్యం భద్రం చేసుకోవాలి. కానీ పాఠకులారా, పైన చెప్పిన సర్వే అంకెలను మరచిపోకండి. కొట్టడం సబబేనని నూటికి ఎనభై ముగ్గురు అనుకునే చోట, కేసు పెట్టేవారికన్నా నోరు మెదపనివారే మిక్కిలి ఎక్కువ.

మన శ్రీసభ సంగతి చెప్పకుండా ఈ పాఠం పూర్తికాదు. "కేసు పెడితే వివాహ సంస్కారం భంగమవుతుందా ఫాదర్, దివ్యసత్ప్రసాదం తీసుకోవచ్చా?" అని అడిగినవారున్నారు. గృహహింస చట్టం కింద రక్షణ కోరడం విడాకులు కోరడం కాదు. వివాహబంధాన్ని అది ముట్టుకోదు. ఆ దరఖాస్తు పెట్టినంత మాత్రాన దివ్యసత్ప్రసాదానికి అడ్డేమీ లేదు. మన 1983 శ్రీసభ చట్టంలోని 1153వ నియమమే, దంపతులలో ఒకరు రెండవవారి ఆత్మకు గానీ శరీరానికి గానీ, లేదా పిల్లలకు గానీ తీవ్ర ప్రమాదం కలిగిస్తే, రెండవవారు వేరుగా ఉండడానికి అది న్యాయమైన కారణమంటుంది. మేత్రాణుల అనుమతితో వేరుపడవచ్చు. ఆలస్యం ప్రమాదమైతే అనుమతికి కూడా ఆగనక్కర లేదు. దివంగత జగద్గురువులు ఫ్రాన్సిస్ 2016లో కుటుంబ ప్రేమను గూర్చి వెలువరించిన ఉపదేశ లేఖలో, బలహీనులైన భార్యాబిడ్డలను కాపాడడానికి వేరుపడడం కొన్నిసార్లు నైతికంగా అవసరం కూడా కావచ్చునని రాశారు. ఇవన్నీ మా గురువులకు తెలిసి ఉండవలసినవి. "నీ సిలువ నువ్వు మొయ్యి తల్లీ" అన్నంత తేలికగా ఈ నియమాన్ని ఎవరికీ చెప్పలేదు మేము.

రాజ్యపు చట్టమైనా క్రైస్తవ స్త్రీని చాలాకాలం చిన్నచూపు చూసింది. 1869 నాటి చట్టం ప్రకారం భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోబాటు క్రూరత్వాన్నో మరోదాన్నో కూడా రుజువు చేయాలి. ఎంత కొట్టినా, కొట్టడం ఒక్కటే కారణంగా చాలేది కాదు. 2001 సవరణతో ఆ తేడా పోయింది. ఇక్కడ విడాకులను ప్రోత్సహించడం నా ఉద్దేశం కాదని మీకు తెలుసు. ఆమె దెబ్బలకు చట్టం ఎంత విలువ కట్టిందో చూపడానికే చెప్పాను.

మేము చేసే సలహా సమావేశాల గురించి కూడా ఒక మాట. భార్యాభర్తలను ఎదురెదురుగా కూర్చోబెట్టి, "ఆయనకు అంత కోపం వచ్చేలా నువ్వేమన్నావమ్మా?" అని మొదలుపెడతాం. 2006 నిబంధనలలో కోర్టు పంపే కౌన్సెలింగ్ గురించి రాసినదాన్ని చూసి నేను సిగ్గుపడ్డాను. హింస చేసినవాడు తన చర్యకు సమర్థన చెప్పుకోవడానికి అక్కడ వీల్లేదు. ఆ సంగతి మొదలు పెట్టకముందే అతనికి చెప్పాలి. నేను మొదటి ప్రశ్నతోనే ఆ సమర్థన అతని నోటికి అందించేవాణ్ణి. ఇప్పుడు ముందుగా ఆమెతో విడిగా మాట్లాడతాను, ఒక సిస్టరు దగ్గర ఉండగా. "కొడతాడా" అని అడగను. "ఇంటికి వెళ్ళాలంటే భయమేస్తుందా? జీతం ఎవరి చేతిలో ఉంటుంది?" అని అడుగుతాను. పాపసంకీర్తనంలో విన్నది ప్రాణం పోయినా బయట చెప్పం. దాని బయట విన్నదాన్ని, ఆమె సమ్మతితో, రక్షణాధికారికి తెలియజేస్తాం. హింస జరుగుతోందని నమ్మే కారణమున్న ఎవరైనా తెలియజేయవచ్చునని, సదుద్దేశంతో తెలియజేసినవారి మీద ఏ కేసూ ఉండదని నాలుగవ సెక్షను చెబుతున్నది. పక్కింటివారికీ, బడిపంతులుకూ, వారు పనిచేసే ఇంటి అమ్మగారికీ ఇది వర్తిస్తుంది.

ఆ గుంటూరు తల్లి ఏమైందని మీరు అడుగుతారు. మఠకన్యలు పిల్లలిద్దరినీ తమ హాస్టలులో చేర్చుకున్నారు. ఆమె చాలాకాలం ఒక పెద్దింటి వాచ్‌మన్ గదిలో తలదాచుకొని పనిచేసింది. తరువాత ఆమె కోర్టుకు వెళ్ళలేదు, నేను చెప్పేనాటికి ఆమెకు దాని మీద నమ్మకం లేదు. "అప్పుడే చెప్పుంటే బాగుండేది ఫాదర్‌గారూ" అన్నది, కోపం లేకుండానే.

రెండేళ్ళ క్రితం మా గుడి నోటీసు బోర్డు మీద ఈ నెంబర్లన్నీ రాయించి పెట్టాం. వారంలో ఎవరో చింపేశారు. మళ్ళీ పెట్టాం, మళ్ళీ పోయింది. పోనీ ఉన్నా దాని ముందు నిలబడి చదివే ధైర్యం ఏ ఆడమనిషికి ఉంటుంది, పూజకు వచ్చేవారంతా చూస్తూ ఉంటే? కుట్టు శిక్షణ నేర్పే సిస్టరుగారు ఒక ఉపాయం చెప్పారు. ఇప్పుడా కాగితం కుట్టుగది వెనుక, ఆడవాళ్ళ స్నానాలగది తలుపు లోపలి వైపున ఉన్నది. కింది అంచున నెంబర్లు రాసిన చిన్న చీటీలు కత్తిరించి వేలాడదీశారు, చించుకొని కొంగున కట్టుకుపోవడానికి వీలుగా. మొన్న ఆదివారం సిస్టరు లెక్కపెట్టారు. పన్నెండింటిలో అయిదే మిగిలాయి. ఎవరు తీసుకున్నారని మేము అడగలేదు. కొత్త కాగితం మాత్రం పెట్టాం.